కుడి దిక్కు నుంచి సంతకం

మా ఆయన సచ్చిపోయినంక ఎల్లారెడ్డిల పాత మసీదు వాకిలి ఊడ్చే పని దొరికింది నాకు. మసీదు, బడి రెండూ ఒక్క కట్టడమే. ఒక దిక్కు నమాజు, ఇంకో దిక్కు కమానుల కింద పిల్లల సదువు, నడుమ కాళ్లు చేతులు కడుక్కునే నీళ్ల హౌజు. నిజాం జమాన కంటె పాతదంటరు. ఎంత పాతదో నా చీపురుకు ఎరుక. పొద్దుగాల ఊడ్చిపోస్తె పగటీలికి మళ్ల సున్నం రాలుతది.

తెలంగాణ కోసం బందులు నడిచిన రోజులల్ల నన్ను మా ఆడోళ్ల సంఘానికి లీడరు జేసిన్రు. కామారెడ్డి మీటింగుల సంతకం పెట్టాల్నట, వేలిముద్ర నడువదట. పెట్టరాకుంటె లీడరు పని నా తోటికోడలికి పోతది. ఆమె ఐదో తరగతి సదివింది, కలెక్టరు సదువు సదివినట్టు మాట్లాడుతది.

తెలుగుల నా పేరు నిండ వత్తులే. చెయ్యి తిరుగలె. ఇగ ఆ బడి పంతులు మౌల్సాబునే అడిగిన, "సాబు, నా పేరు మీ ఉర్దూల రాసియ్యున్రి" అని. పలక మీద రాసిచ్చిండు. చూస్తె గీతలు, చుక్క. ఇది ముగ్గే గద అనుకున్న. ముందుగాల చుక్క వెట్టి గీత గుంజిన.

"ముందు గీతమ్మా, తర్వాత చుక్క" అన్నడు.

"చుక్క లేకుండ ముగ్గెట్లొస్తది సాబు?"

ముసలాయన గడ్డం వట్టుకొని నవ్విండు. నెల రోజులు దిద్దిన.

కామారెడ్డిల రిజిస్టర్ల కుడి దిక్కు నుంచి గీసిన. మీటింగు మేడం పుస్తకం తిప్పి తిప్పి చూసి, ఉర్దూ వచ్చిన అటెండరన్నను పిలిచింది. ఆయన సదివిండు: "జాడూవాలీ అమ్మ."

అంటె ఊడ్చే అమ్మ. ఆ బడిల నన్నందరు పిలిచేది గట్లనే. మీటింగంత నవ్వుడే. మా తోటికోడలైతె కుర్చీల నుంచి జారింది.

"ఇది నీ పేరా అక్కా?" అన్నది మేడం.

"పేరు గాదు మేడం. సంతకమైతె నాదే."

"ఏదీ, మళ్ల పెట్టు."

పెట్టిన. ఇంకోసారి పెట్టుమన్నది. మూడూ ఒక్క తీరుగనే వచ్చినయి. "ఎప్పుడొచ్చినా గిదే పెట్టాలె, నడుస్తది" అన్నది.

తెల్లారి మౌల్సాబు మీదికి పోయిన. "ఎనిమిదేండ్లాయె సాబు, నా పేరు ఎరుకలేదా?"

"నువ్వెన్నడు చెప్పినవమ్మా?"

చెప్పిన. పాపం సిగ్గువడి, పలక తుడిచి అసలు పేరు రాసిండు. మస్తుగున్నది. గంతసేపు చూసి పలక మళ్ల ఆయన చేతులనే పెట్టిన.

"వద్దు సాబు. ఇప్పుడు మారిస్తె తోటికోడలు లీడరైతది."