అక్కకే బంతి

తాండూరులో ఆడపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పడం మొదలుపెట్టాక నా గొంతు పూర్తిగా పోయింది. పదకొండు, పన్నెండేళ్ళ పిల్లలైతే బంతి ఎటుంటే అటు మందగా ఉరుకుతారు. సరే, అది వయసు, ఇంకొంచెం పెద్దయితే తలెత్తి చూడటం వస్తుందని ఓర్చుకుంటాను. ఓర్చుకోలేనిది ఇంకొకటుంది. బంతి దొరికిందంటే ఖాళీగా ఎవరున్నారో చూడరు, పెద్దపిల్ల ఎక్కడుందో చూస్తారు. ఆమె చుట్టూ ముగ్గురున్నా సరే, బంతి ఆమెకే.

టీములో అందరికంటే జోరుగా ఉరికే చిన్నదాన్ని ఒకరోజు నిలదీశాను. "ఎందుకే ఆమెకిచ్చినవ్? ఇటుపక్క ఎవ్వలు లేనిది కనవడలేదా?"

"అక్క అడిగింది మేడం. అక్క అడిగితే ఇయ్యకుంట ఎట్ల?"

నా తలకాయ! ఇంట్లో పుట్టినప్పటి నుంచి నేర్పిన మర్యాదను గ్రౌండులో సాయంత్రం పూట నేనెక్కడ మాన్పించేది?

టీములో అందరికీ అక్కయిన ఆ పెద్దపిల్లకు పదహారు దాటాయి. ఆరో తరగతి నుంచి నా దగ్గరే ఆడుతోంది. వాళ్ళ నాన్న కరణ్‌కోట దగ్గర రాళ్ళ గనిలో పనిచేస్తాడు. "గీ సారి జిల్లా టీముల తీస్కుంటే ఆడనిస్త మేడం. లేకుంటే ఇగ బంద్. బట్టల దుకాణంల పనికి పెడత" అని తేల్చేశాడు.

వికారాబాద్‌లో సెలెక్షన్ మ్యాచ్. ఆట ముగియబోతోంది, ఇంకా ఎవరికీ గోల్ లేదు. బంతి చిన్నదాని కాళ్ళ దగ్గరుంది. అక్క కుడివైపు చెయ్యెత్తి "ఇయ్యే! నాకియ్యే!" అని గొంతు చించుకుంది. అవతలి పిల్లలు మాత్రం ఎక్కడివాళ్ళు? మర్పల్లి వైపు వాళ్ళే, వాళ్ళిళ్ళల్లోనూ అదే మర్యాద. బంతి అక్కకే పోతుందని వాళ్ళకూ తెలుసు. ఇద్దరు నడిమిని వదిలేసి ఆమె మీదికి ఉరికారు. అయిపాయె, మళ్ళీ అదే కథ అని నెత్తి కొట్టుకున్నాను. చిన్నది అటు చూడనే లేదు. ఖాళీ అయిన నడిమి నుంచి నేరుగా పోయి కొట్టింది. గోల్!

మ్యాచ్ అయ్యాక దాన్ని పట్టుకొని ఊపేశాను. "ఇన్నాళ్ళకు బుద్ధొచ్చిందే నీకు!"

"నాకేం బుద్ధి మేడం, అక్కనే చెప్పింది. నేనెంత మొత్తుకున్నా నాకియ్యకు, అందరు నా మీదికొస్తరు, నువ్వు నడుమకెల్లి పో అన్నది."

కాసేపటికి పేర్లు చదివారు. చిన్నది ఉంది. అక్క లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. సెలెక్షన్ చేసే సారు దగ్గరికి పోయి లొల్లి పెట్టాను. "గా గోల్ ఆమెది సార్!"

"ఆమె బంతి ముట్టనే లేదు గదమ్మా."

"ముట్టకపోవుడే ఆట సార్! ఆ తెలివి రావాలంటే ఎన్నేండ్లు పడుతదో తెలుసా?"

ఆయన కుర్చీలు లోపల పెట్టించే పనిలో పడ్డాడు. గోడకు చెప్పుకున్నా కాస్త నయంగా ఉండేది.

తాండూరు స్టేషన్ బయట వాళ్ళ నాన్న బండి మీద కూర్చొని ఉన్నాడు. "ఏమైంది బిడ్డా?"

"చిన్నదాన్ని తీస్కున్నరు నాయినా. గోల్ కొట్టింది."

"మరి నువ్వేం జేసినవ్?"

చెప్పవే, చెప్పు అని నేను లోపల లోపల అరుస్తూనే ఉన్నాను. ఆ పిల్ల బ్యాగు భుజానికి సర్దుకుంది.

"ఉత్తగ మొత్తుకున్న నాయినా" అని బండెక్కి కూర్చుంది.