పెద్దనాయన ఎడమకు తిరిగిన రోజు

బతికున్నవాళ్లను తప్పుదారి పట్టించేవాళ్లు లోకంలో కోకొల్లలు. చచ్చిపోయిన మనిషిని తప్పుదారి పట్టించినవాడు మాత్రం, నాకు తెలిసినంతలో, నేనొక్కణ్నే. అదీ పరాయివాణ్ని కాదు, నన్ను పెంచి పెద్దచేసిన మా పెద్దనాయనను. అదీ ఆయన్ని సమాధికి తీసుకుపోయే రోజున. నవ్వొస్తే నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. నేనే, సగం నవ్వి కళ్లు తుడుచుకుంటాను.

మా పెద్దనాయన పేరు దేవదానం. నా చిన్నప్పుడే నాన్న పోతే, పిల్లలు లేని ఆయనా పెద్దమ్మా నన్ను తెచ్చుకున్నారు. భానూర్ పోయే దారిలో ఉన్న ఒక వాల్వుల ఫ్యాక్టరీలో ఆయన ముప్పై ఏళ్లు ఫిట్టరుగా చేశాడు. రిటైరయ్యాడు, బీరంగూడలో ఇల్లు కట్టాడు, పెద్దమ్మను సాగనంపాడు, చివరికి నా దగ్గరా నా భార్య జ్యోతి దగ్గరా ఉండిపోయాడు. కళ్లు మసకబారాక తన కారు తాళాలు నా చేతిలో పెట్టి రెండు మాటలు చెప్పాడు.

"ప్రభా, బ్రేకు మీద ఎక్కి నిలబడకు. తట్టుకుంట, తట్టుకుంట ఆపాలె. వెనకోనికి ఎరుకైతది."

"సరే పెద్దనాయనా."

"ఇంకోటి. బండి ఖరాబైతే ఖాజా దగ్గరికి తీస్కపో. నువ్వు మాత్రం చెయ్యి వెట్టకు."

ఖాజా బీరంగూడలో మెకానిక్. అంత పెద్ద ఫిట్టరు అయి ఉండీ పెద్దనాయన ఆ కారు బానెట్ ఒక్కసారి కూడా ఎత్తలేదు. తెలియని పని తెలిసినవాడికి ఇవ్వాలన్నది ఆయన సిద్ధాంతం. ఆ రెండు మాటల్లో మొదటిది నేను అక్షరాలా పాటించాను, రెండోది పాటించలేదు. రెండూ పాటించినా బాగుండేది, రెండూ పాటించకపోయినా బాగుండేది. ఒకటి పాటించి ఒకటి వదిలేయడం వల్లే కొంప మునిగింది.

నా ఉద్యోగం గురించి కూడా ఒక ముక్క చెప్పాలి. నేను పటాన్‌చెరులో ఒక మందుల కంపెనీలో క్వాలిటీ సెక్షన్‌లో పని చేస్తాను. ఎర్ర మూత ఉండాల్సిన సీసాకు నారింజ మూత కనిపిస్తే లైను మొత్తం ఆపించే అధికారం నాది. రంగులు చూసి బతికేవాణ్ని అన్నమాట. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, తర్వాత నన్ను తిట్టడానికి పనికొస్తుంది.

ఒక ఆదివారం చర్చికి పోదామని కారు వెనక్కి తీస్తూ మా గేటు దిమ్మెకే కొట్టాను. రెండు వెనక లైట్లూ పగిలాయి. ఒక్క దెబ్బకు రెండు ఎలా పగిలాయని అడక్కండి, భయపడి ముందుకు తీసి, మళ్లీ వెనక్కి తీసి, రెండో దిమ్మెకు కూడా కొట్టాను. అప్పటికి పెద్దనాయన మంచం పట్టి నెల అయింది. లోపలి నుంచే అరిచాడు.

"ఏంది ప్రభా, ఏదో పలిగినట్టుంది?"

"ఏం లేదు పెద్దనాయనా, పక్కింటోళ్లది."

"ఖాజాకు సూపియ్!"

మంచంలో ఉన్నా ఆయన చెవులు ఇంకా డ్యూటీలోనే ఉన్నాయి. నాకు పౌరుషం వచ్చింది. నలభై దాటినవాణ్ని, రెండు లైట్లు బిగించుకోలేనా? బిగించి, ఆయన్ని వాకిట్లోకి కుర్చీలో తెచ్చి చూపించి, ఒక్కసారి "శబాష్ రా" అనిపించుకోవాలని ఆశ. పుట్టి బుద్ధెరిగాక ఆ మాట ఆయన నోటి నుంచి నాకు రాలేదు.

ఫోనులో వీడియో చూశాను. పది నిమిషాల పని అన్నాడు అందులో మనిషి. పాత సామాన్ల దుకాణం నుంచి ఒక జత లైట్లు తెచ్చాను. కుడి లైటు ప్లగ్గు టక్కున కూర్చుంది. ఎడమది కూర్చోలేదు. తీరా చూస్తే అది అంతకుముందు మోడల్‌ది. వెనక్కిచ్చి మార్చుకు రావచ్చు. మార్చుకొస్తే మీకు ఈ కథ ఎక్కడిది? ప్లగ్గు కోసేశాను. ఇటు నాలుగైదు వైర్లు, అటు నాలుగైదు వైర్లు. మా కంపెనీలో ఎర్ర మూత అంటే ఎర్ర మూతే, నీలం అంటే నీలమే. అదే న్యాయం ఇక్కడా పెట్టి రంగుకు రంగు కలిపి టేపు చుట్టాను. ఆ మోడల్‌లో ఎర్ర వైరు చేసే పని ఈ మోడల్‌లో ఎర్ర వైరు చేయదని నాకేం తెలుసు? కుక్క పని గాడిద చేస్తే ఏమవుతుందో పెద్దలు ఊరికే చెప్పలేదు. పైగా ఈ గాడిదకు క్వాలిటీ సెక్షన్‌లో ఉద్యోగం.

జ్యోతిని కారు వెనక నిలబెట్టి, నేను లోపల కూర్చుని బ్రేకు తొక్కాను.

"వెలిగిందా?"

"వెలిగింది. కుడి దిక్కు ఎర్రగ, ఎడమ దిక్కు పసుప్పచ్చగ."

"నేను నిన్ను రంగడిగిన్నా? వెలిగిందా లేదా, గది జెప్పు."

"వెలిగింది మారాజా, వెలిగింది."

"ఇగ పో, చాయ్ పెట్టు."

పెద్దనాయన నిద్రపోతున్నాడు. రేపు చూపిద్దాంలే అనుకున్నాను. రేపు ఆయాసం ఎక్కువైంది. ఎల్లుండి మనిషిని గుర్తుపట్టలేదు. బుధవారం తెల్లవారేసరికి మా పెద్దనాయన లేడు. లైట్లు ఆయన చూడనేలేదు. కంపెనీ బస్సులో డ్యూటీకి పోయేవాణ్ని కాబట్టి అన్నాళ్లూ కారు వాకిట్లోనే ఉంది.

సమాధి మా ఊళ్లో, పెద్దమ్మ పక్కన. సంగారెడ్డి అవతల, ఇస్మాయిల్‌ఖాన్‌పేట దాటి పోవాలి. ఊళ్లో పెద్దనాయన చెల్లెలు, మా మేనత్త రూతమ్మ ఉంది. ఎనభై దగ్గర పడింది, మోకాళ్లు లేవవు, షుగరు. కబురు చెప్పగానే ఫోనులో ఒకటే మాట అంది.

"కొడుకా, నేను మా అన్న ముఖం సూసేదాంక పెట్టె మూత వెయ్యకుండ్రి. అప్పటిదాంక మెతుకు ముట్ట."

"మాత్రలు వేసుకోవాలె గద అత్తమ్మా."

"జల్దీ తీస్కరా. వేస్కుంట."

కొడుకు స్థానంలో ఉన్నవాణ్ని. ఆమె ఆకలి నా బాధ్యత. మూడింటికి సమాధి ప్రార్థన అని పాస్టర్ అయ్యగారు చెప్పారు. ఇంటి దగ్గర ప్రార్థన ముగించి ఒంటిగంటన్నరకు బయలుదేరాం. ముందు నా కారు, నేనూ జ్యోతీ. నా వెనక శవపేటిక ఉన్న వ్యాను, ముందు అద్దం మీద పూలదండ వేసిన పెద్దనాయన ఫోటో. దాని వెనక బంధువులవీ సంఘం వాళ్లవీ ఐదు బండ్లు. వ్యాను డ్రైవరు బీహార్ నుంచి వచ్చిన నడివయసు మనిషి, ఈ దారులకు కొత్త. బయలుదేరే ముందు అతని భుజం మీద చెయ్యి వేసి గంభీరంగా చెప్పాను.

"భయ్యా, పీఛే కా లైట్ దేఖ్ కే ఆవో. ఔర్ కుఛ్ మత్ దేఖో."

నా వెనక లైట్లే చూడు, ఇంకేమీ చూడకు అని. ఎంత దుఃఖంలోనూ మనిషికి తన కొత్త లైట్ల మీద మమకారం చావదు చూశారా!

పటాన్‌చెరులో భానూర్ రోడ్డు చీలే చోట రద్దీ. ముందు ఆటో, దాని ముందు ఇనుప కడ్డీల ట్రాలీ. పెద్దనాయన నేర్పినట్టే బ్రేకు తట్టుకుంటూ, తట్టుకుంటూ పోతున్నాను. కుడి లైటు ఎర్రగా బ్రేకు సంగతి చెబుతూనే ఉందట. ఎడమ లైటు మాత్రం నేను తట్టినప్పుడల్లా పసుప్పచ్చగా వెలిగి ఆరి, వెలిగి ఆరి, 'ఎడమకు రండి, ఎడమకు రండి' అని పిలుస్తోందట. ఇంతలో నాకూ వ్యానుకూ మధ్య ఒక లారీ దూరింది. నేను నేరుగా పోయాను. లారీ చాటున నన్ను కోల్పోయిన ఆ బుద్ధిమంతుడు, చివరిసారి కనిపించిన లైటు మాట నమ్మి ఎడమకు తిరిగాడు. అతని వెనక ఐదు బండ్లూ తిరిగాయి. శవం ఎటు పోతే సాగనంపేవాళ్లు అటే పోతారు కదా.

రుద్రారం దాటాక అద్దంలో చూశాను. పెద్దనాయన లేడు.

"లారీల వెనక ఉండొచ్చు," అన్నాను. కంది దగ్గర ఆపి పావుగంట చూశాం. వ్యాను డ్రైవరు ఫోనే కాదు, వెనక బండ్లలో ఎవరి ఫోనూ కలవడం లేదు. రూతమ్మ అత్త ఫోను మాత్రం వెంటనే కలిసింది.

"ఏడి దాంక వచ్చిండ్రు కొడుకా?"

"కంది కాడున్నం అత్తమ్మా."

"అన్న మంచిగున్నడా?"

"మంచిగున్నడు," అన్నాను. ఎక్కడున్నాడో తెలిస్తే కదా ఎలా ఉన్నాడో చెప్పడానికి! ఫోను పెట్టేసి స్టీరింగ్ మీద తల పెట్టుకున్నాను. పెంచినవాణ్ని చివరి రోజున కూడా సరిగ్గా తీసుకుపోలేని వెధవనని నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

అప్పుడు డ్రైవరు దగ్గరి నుంచి ఫోను వచ్చింది.

"భయ్యా, కహా హై ఆప్?"

"సాబ్, ఫ్యాక్టరీ గేట్ పే. ఆగే రాస్తా బంద్ హై."

"ఫ్యాక్టరీ గేట్? ఉధర్ క్యూ గయే?"

"లెఫ్ట్ తో ఆప్‌నే దియా, సాబ్!"

లెఫ్ట్ ఇచ్చింది నేనేనట. దిగాను. జ్యోతిని కారు వెనక నిలబెట్టి మళ్లీ బ్రేకు తొక్కాను.

"వెలిగిందా?"

జ్యోతి చేతులు కట్టుకుని నిలబడింది. "రంగు జెప్పాల్నా, వద్దా?"

ఇంక చెప్పక్కర్లేదు, నాకు అర్థమైపోయింది. కారు తిప్పుకుని వచ్చిన దారినే పడ్డాం. దారి పొడుగునా పెద్దనాయనకు క్షమాపణలు చెప్పుకున్నాను. పాస్టరుగారికి ఏం చెప్పాలి, చుట్టాలకు ఏం చెప్పాలి, తిండి లేక అత్త కళ్లు తిరిగి పడితే ఆమె కొడుక్కి ఏం చెప్పాలి అని మూడు రకాల అబద్ధాలు తయారు చేసుకున్నాను.

అక్కడికి పోతే ఒక్కటీ అక్కర లేకపోయింది.

వ్యాను ఆగింది పెద్దనాయన ముప్పై ఏళ్లు పనిచేసిన వాల్వుల ఫ్యాక్టరీ గేటు ముందు. వ్యాను చేరేసరికి రెండు గంటల షిఫ్టు వదిలే వేళట. ఫోటో చూసి గేటు దగ్గరి సెక్యూరిటీ ఆయన గుర్తుపట్టాడట. లోపలికి కబురు పోయింది. దిగే షిఫ్టు వాళ్లూ ఎక్కే షిఫ్టు వాళ్లూ హెల్మెట్లు చేతిలో పట్టుకుని వరసగా నిలబడ్డారు. ఒక్కొక్కరే వచ్చి పెట్టె అంచు ముట్టుకుని పోతున్నారు. ఆయన రిటైరై పదిహేనేళ్లయింది, ఎవరికి గుర్తుంటాడులే అని నేను ఫ్యాక్టరీకి కబురే చెయ్యలేదు.

జుట్టు నెరిసిన ఒకాయన నా దగ్గరికొచ్చి చేతులు పట్టుకున్నాడు.

"నాకు పని నేర్పింది సారే. మాకు కబురు సుత చెయ్యకపోతిరి గదా అని బాధైంది గని, గిట్ల తీస్కొచ్చి సూపిద్దామనుకున్నరా? మంచి పని జేసిండ్రు."

మర్యాదస్తుడైతే ఇక్కడ నిజం చెప్పేవాడు. నేను తల దించుకుని, "ఒక్కసారి తోవలో సూపిద్దామని..." అన్నాను. సంఘం వాళ్లు "ఎంత మంచి ఆలోచన" అని నా వీపు తట్టారు. జ్యోతి నావైపు చూసిన చూపుకు రెండు లైట్లూ మళ్లీ పగిలేవి.

ఈసారి వ్యాను ముందు, నేను వెనక. ఊరు చేరేసరికి ఐదు కావొస్తోంది. రూతమ్మ అత్తను కుర్చీతో సహా ఎత్తి పెట్టె పక్కన కూర్చోబెట్టారు. పొద్దుటి నుంచీ ఏమీ తినని ముఖం, పెదవులు ఎండిపోయాయి. అన్న చెంప మీద చెయ్యి వేసి అడిగింది.

"ఏడికి పోయినవ్ అన్నా ఇంతసేపు?"

ఆ మాట విన్నాక అబద్ధం నోట్లోనే చచ్చింది. ఆమె కాళ్ల దగ్గర కూలబడి ఉన్నదంతా చెప్పేశాను. నేను చెయ్యి పెట్టడం, లైటు, ఎడమ, ఫ్యాక్టరీ. వీపు తట్టిన సంఘం వాళ్లందరూ విన్నారు. అత్త అంతా విని అన్న వైపే తిరిగింది.

"ముప్పై ఏండ్లు, పండుగకు రా అన్నా అంటే, డ్యూటీ ఉంది చెల్లే అంటివి. ఇయ్యాల గూడ డ్యూటీకి పొయ్యే వస్తివా?"

అంటూ నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడ్చేసింది. మేమందరం ఏడ్చాం. సమాధి మీద చివరి మట్టి పడే వేళకు పొద్దు గుంకింది. అత్త ఇంటికి పోయి ఇంత మజ్జిగన్నం తిని మాత్రలు వేసుకుంది. నాకు ఆ రోజు దక్కిన ఊరట అదొక్కటే.

వారం తర్వాత కారు ఖాజా దగ్గరికి తీసుకుపోయాను. టేపు విప్పి చూసి అతను నోరు తెరిచాడు.

"ఎవలు జేసిండ్రు సార్ గీ పని?"

చూడండి, మనిషికి సిగ్గు ఎంత ఆలస్యంగా వస్తుందో. "పెద్దనాయన... పోయే ముందల..." అని గొణిగాను.

ఖాజా చేతిలో టెస్టర్ కింద పెట్టాడు. "దేవదానం సాబ్ ఇరవై ఏండ్లల్ల గీ బండి బానెట్ సుత ముట్టలే. పోయినాయన మీద ఎయ్యకు సార్, పాపం తగుల్తది."

ఐదు నిమిషాల్లో సరిచేసి, వెనక నిలబడి, నేను అడక్కుండానే "ఎర్రగ, రెండూ ఎర్రగ" అని అరిచాడు.

కాబట్టి పాఠకులారా, మిమ్మల్నీ, మా గేటు దిమ్మెలు రెంటినీ సాక్షిగా పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇంకే వైరూ కోయను. ఇంట్లో బల్బు మాడితే చీకట్లో కూర్చుంటాను గానీ స్టూలు ఎక్కను. జ్యోతి ఏ రంగు చెబితే ఆ రంగు వింటాను. నా చివరి ప్రయాణంలో ముందు పోయే బండి లైట్లు ఖాజా చూశాకే బండి కదలాలని ఇంట్లో గట్టిగా చెప్పి కూడా పెట్టాను.

జ్యోతి కూరగాయలు తరుగుతూ తల ఎత్తకుండా అంది. "ఎందుకు, ఎడమకే మలగనియ్యి. మీ కంపెనీ గేటు కాడికి పోతది. నిన్ను సుత ఎవలన్న గుర్తువడ్తరేమో సూద్దాం."

ఆ మర్నాటి నుంచి మా కంపెనీ గేటు దగ్గరి సెక్యూరిటీ ఆయనను పేరు పెట్టి పలకరిస్తున్నాను.