వెనక్కి తిరగని కుర్చీ

వీపు మీద ఎవరి మాట పడినా కమలాకుమారి ముఖం అటు తిరిగేది. పెద్దవాళ్ల మాటయితే లేచి నిలబడేది కూడా. కర్దనూర్‌లో నాయనమ్మ బక్కమ్మ చేతుల్లో పెరిగిన పిల్లకు అది రెప్ప వేసినంత సహజంగా జరిగిపోయేది. నాయనమ్మ పిలిస్తే చేతిలో చేట చేతిలోనే ఆగేది. ఆమె కళ్లలోకి చూస్తూ వింటేనే విన్నట్టు.

తొంభైల నడుమ ఒక ఎండాకాలం, పట్నంలోని విమానాశ్రయంలో ఆ మర్యాదే కమల ఉద్యోగానికి అడ్డం పడింది.

విమానాలకు దారి చెప్పే కంట్రోల్ టవర్ పైగది నిండా అద్దాలే. మబ్బు నీడలు బల్ల మీదికి వచ్చి, కాసేపు కూర్చుని వెళ్లిపోయేవి. రన్‌వేకి ఎదురుగా శిక్షణలో ఉన్నవాళ్ల కుర్చీ, దాని వెనక నేర్పే అధికారి కుర్చీ. పైలట్ల మాటలు ఇద్దరికీ వినిపిస్తాయి. కింది అంతస్తులో అప్రోచ్ కంట్రోలర్ ఉంటాడు. దూరం నుంచి వస్తున్న విమానాలను వరసలో పెట్టడం అతని పని. అతను టవర్‌తో మాట్లాడేది ఫోన్‌లో. ఆ మాట ఫోన్ ఎత్తినవాళ్ల చెవికే అందుతుంది. రన్‌వే ఒక్కటే. ఏది దిగాలో, ఏది లేవాలో ఆ రెండు గదుల మధ్య నడిచే మాటలతోనే తేలాలి.

కమలకు నేర్పే సూర్యప్రకాశరావుకు నోరు ఊరుకోదు. ఆయన "చూడమ్మా" అంటే చాలు, కుర్చీ గిర్రున తిరిగేది. రన్‌వే ఆమె వెనక్కి వెళ్లిపోయేది.

"నా మొహంలో ఏవుందమ్మా? విమానాలు దిగేది అటు!"

"సారీ సార్," అనడానికి మళ్లీ తిరిగేది.

ఆయన మైకు లాక్కునేవాడు. విమానం ఆయన మాట మీద దిగేది. కమల చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేది.

రావుగారి తండ్రి ఎప్పుడో కోస్తా నుంచి ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి రామచంద్రాపురంలో ఇల్లు కట్టుకున్నాడు. కర్దనూర్‌కూ అదే దారి. అందుకని సాయంత్రం ఇద్దరిదీ పటాన్‌చెరు బస్సే. ఒకరోజు బస్సులో ఆయన వెనక సీట్లోంచి మెల్లగా అన్నాడు.

"నెలాఖరుకి కంట్రోలర్‌గా తీసుకునే బోర్డు పరీక్షమ్మా. ఇలాగే తిరుగుతుంటే నీ పేరు పంపలేను. కింద ఆఫీసులో కూర్చోబెట్టేస్తారు. టవర్ ముఖం మళ్లీ చూడవు."

కమల వెనక్కి తిరిగి, "సరే సార్," అంది.

రావుగారు నుదురు కొట్టుకున్నాడు.

మర్నాటి నుంచి పొద్దుగూకే వేళ కమల ఇంటి మిద్దె మీద బడి మొదలైంది. ఎదురుగా ఫ్యాక్టరీలకు పోయే రోడ్డు. పొగ గొట్టాల మీద ఎర్రటి వెలుగు చల్లారుతుండేది. కమల రోడ్డు వైపు ముఖం పెట్టి స్టూలు వేసుకుంది. డ్యూటీ దిగి వచ్చిన తండ్రి యాదన్నను వెనక కూర్చోబెట్టింది.

"బాపూ, నువ్వు ఏదో ఒకటి మాట్లాడుకుంట ఉండు. నేను లారీలు సూస్త. తిరిగితె చెప్పు."

"ఏం మాట్లాడాలె బిడ్డా?"

"ఏదన్న. మీ సూపర్‌వైజర్‌ను తిట్టు."

యాదన్నకు ఆ పని నచ్చింది. ఆయన తిడుతుంటే, మలుపు దగ్గర ఏ లారీ లోపలికి పోతోందో, ఏది బయటికొస్తోందో ఆమె పైకి చెబుతోంది. ఇంతలో బక్కమ్మ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది.

"ఏందిరా యాదన్నా! కన్నబిడ్డ వీపు జూపి కూసుంటె నువ్వు ముచ్చట చెప్తున్నవా?"

"గది దాని నౌకరీ అమ్మా."

"గిదేం నౌకరీ! పెద్దోళ్లకు వీపు జూపితె జీతమిస్తరా?"

కమల పకపకా నవ్వుతూ తిరిగింది.

"తిరిగినవ్, తిరిగినవ్!" యాదన్న చప్పట్లు కొట్టాడు.

ముసలమ్మకు పంతం వచ్చింది. కొడుకును లేపి తనే కూర్చుంది. "కమలా, నీ కాళ్లకాడ తేలు!" అని అరిచి మనవరాలిని ఎగిరి గంతేయించింది. వారం దాకా అదో ఆట. ఇరుగుపొరుగు మిద్దెల మీద నుంచి కూడా చూసి నవ్వేవారు.

ఒక సాయంత్రం బక్కమ్మ నిజంగానే ఏదో చెప్పబోయింది. గొంతు తగ్గించి, "బిడ్డా, ఒక మాట," అంది.

"జెర ఆగు నాయనమ్మా. లారీ పోనీ."

కమల కదల్లేదు. లారీ పోయింది. వెనక నుంచి ముసలి గొంతు వినిపించింది.

"మా అత్త సచ్చేదాంక ఆమెకు వీపు జూపలె నేను."

బక్కమ్మ గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగిపోయింది. కమల వెంటనే కిందికి పరుగెత్తింది. నాయనమ్మ ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని, "ఏందో చెప్పు," అంది.

"ఏం లేదు తియ్యి. మోకాళ్లు గుంజుతున్నయి అందామనుకున్న."

ఆ రాత్రి కమల ఆ మోకాళ్లకు నూనె రాసింది. నేర్చుకున్నది చేతికొచ్చింది. దానితోపాటే ఏదో చెయ్యి జారింది.

బోర్డు పరీక్ష ఇంక దగ్గరలో ఉందనగా, మధ్యాహ్నం వేళ బెంగళూరు విమానం బయల్దేరడానికి రన్‌వే అంచున నిలబడి ఉంది. రన్‌వే ఖాళీ. ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. కమల మైకు అందుకోబోతుంటే ఫోన్ మోగింది. అప్రోచ్ నుంచి వెంకటరామయ్య.

"ఢిల్లీ విమానాన్ని వరస తప్పించి ముందుకు తెస్తున్నా. ప్రయాణికుడికి గుండెనొప్పి. అడ్డదారిన నేరుగా..."

సరిగ్గా అప్పుడే వెనక నుంచి రావుగారి గొంతు లేచింది. ఫోన్‌లో మాట ఆయనకు వినపడదు కదా.

"ఖాళీగానే ఉంది కదమ్మా, ఇంకా ఆలోచనేవిటి? బెంగళూరువాణ్ణి రన్‌వే ఎక్కించెయ్! ఎక్కించెయ్యమ్మా!"

ఒక చెవిలో గుండెనొప్పి, ఇంకో చెవిలో గురువు. కమల మెడ నరం లాగింది. ఎడమ అరచెయ్యి లేచి, భుజం మీదుగా వెనక్కి చూపిస్తూ ఆగింది.

"ఆగుండ్రి సార్!"

టవర్‌లో అంతవరకూ ఎవరూ ఆయనను అలా అనలేదు. పక్క బల్ల దగ్గర, నేల మీది కదలికలు చూసే గ్రౌండ్ కంట్రోలర్ నాగరత్నం పెన్ను పట్టుకున్నదల్లా తలెత్తింది.

కమల ఫోన్‌లో వెంకటరామయ్య మాటను పూర్తిగా విని, తిరిగి అప్పజెప్పింది. బెంగళూరు విమానాన్ని ఉన్నచోటే ఉండమంది. "అక్కా, డాక్టర్ బండి," అంటే నాగరత్నం అప్పటికే ఫోన్ ఎత్తింది. దూరాన ఎండలో ఒక మెరుపు చుక్క పుట్టింది. దానికి రెక్కలు మొలిచాయి. చక్రాలు నేలను తాకాయి, చిన్న పొగ లేచి చెదిరిపోయింది. తెల్లబండి దాని వెంట పరుగు తీసింది.

కమల అప్పుడు చెయ్యి దించింది.

"ఇప్పుడు చెప్పుండ్రి సార్."

వెనక గొంతు సవరించుకున్న చప్పుడు.

"చెప్పడానికేవీ లేదమ్మా. నన్ను ఆగమన్నది మా ఆవిడ తర్వాత నువ్వే." కాసేపటికి మళ్లీ, "రేపు నీ పేరు పంపిస్తాను. ఆ బెంగళూరువాడు పాపం కాచుకునున్నాడు, పంపించు," అన్నాడు.

ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖం ఎలా ఉందో కమల చూడలేదు. చూడాలని చాలా ఉండింది. మైకులో ఆమె మాట అందుకుని బెంగళూరు విమానం రన్‌వే ఎక్కుతోంది.