ప్రసాదు నారు మీద నేను వేసిన నింద

ఈ మాట మా ఆవిడకు కూడా చెప్పలేదు. ఏళ్ల తరబడి లోపల బండరాయిలా ఉంది. ఫోను మోగితే, ఇదే బయటపడిందేమోనని ఎత్తడానికి వెనకాడతాను. మీరెవరో తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

పర్చూరు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో లెక్కలు రాస్తాను. జన్యువులను పోల్చి ఏది దేన్నుంచి పుట్టిందో కంప్యూటర్‌లో లెక్కగట్టడం సొంతంగా నేర్చుకున్నాను. కొన్నేళ్ల కిందట ఒక ఏడు మా ఊరి మిరప తోటలన్నీ వైరస్‌తో ముడుచుకుపోయాయి. రైతులు నారు ఆకులు, తోటల ఆకులు, గట్ల మీది కలుపు ఆకులు ల్యాబుకు పంపి, వచ్చిన వైరస్ జన్యువుల అక్షరాల వరసలు నా చేతిలో పెట్టారు. తెగులు ఎక్కడ మొదలైందో తేల్చమన్నారు. అందరూ వాడే పద్ధతిలోనే లెక్క వేశాను. ప్రసాదు నర్సరీలో మొదలైందని వచ్చింది, నూటికి తొంభై తొమ్మిది పాళ్ల నమ్మకంతో. అదే రైతులకు చెప్పాను.

ప్రసాదు నాతో చదువుకున్నవాడు. మర్నాడే మా ఇంటికొచ్చాడు.

"ఏరా లెక్కలోడా, నీ కంప్యూటర్ ఎప్పుడన్నా నారు పోసిందంటరా?" అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు. "తొంభై తొమ్మిదంటన్నావు. ఆ మిగిలిన ఒక్కటీ నేనయ్యుండకూడదా?"

"లెక్క అబద్ధం చెప్పదురా," అన్నాను.

అప్పటికే నాకు తెలుసు. వైరస్ జన్యువు మొత్తం ఒకే వంశం నుంచి వచ్చిందనుకుని ఆ పద్ధతి మొదలవుతుంది. కానీ ఈ వైరస్‌లు ఒకే మొక్కలో కలిస్తే జన్యువు ముక్కలు మార్చుకుంటాయి. రైతులకు చెప్పకముందే అనుమానం వచ్చి, వరసను రెండుగా కోసి విడివిడిగా లెక్క వేసి చూశాను. మొదటి సగం ప్రసాదు నారును చూపించింది. రెండో సగం మా గట్ల మీది కలుపును చూపించింది. అంటే ఎక్కడ మొదలైందో నా లెక్కకు అందదు.

ఎందుకు చెప్పలేదు? రైతుల కోపానికి భయపడ్డానా? లేక, డిగ్రీ లేని నన్ను మొదటిసారి సార్ అని పిలిచినవాళ్ల ముందు "తెలియదు" అనడానికి భయపడ్డానా? ఏ భయం పెద్దదో ఇప్పటికీ తేల్చుకోలేను.

ప్రసాదు నారు మళ్లీ ఎవరూ కొనలేదు. నర్సరీ మూసేశాడు. ఇప్పుడు మా కోల్డ్ స్టోరేజీలోనే మిర్చి బస్తాలు ఎత్తుతున్నాడు. నా బల్ల పక్క నుంచి వెళ్తూ, "టీ తాగావంటరా?" అంటాడు. నేను దాచింది తెలిసి అడుగుతున్నాడా, తెలియక అడుగుతున్నాడా? ఆ మాటకే లెక్కల పుస్తకంలోకి తల దించుకుంటాను.

రేపు కూడా అడుగుతాడు. ఏమంటానో తెలియదు. ప్రసాదు నారు వల్లే తెగులు వచ్చిందని లెక్క తేల్చలేదు. తేల్చలేదని తెలిసీ, తేల్చిందని నేను చెప్పాను. ఈ వాక్యం ఇన్నాళ్లూ నోట రాలేదు. ఇప్పుడు రాశాను. భయం పోలేదు. ఊపిరి మాత్రం కాస్త లోపలిదాకా అందుతోంది.