ఒక వాక్యం చుట్టూ మూడు రోజులు

2008 వసంతంలో నేను చేస్తున్న ఉద్యోగానికి తెలుగులో సరైన పేరు లేదు. పలు దేశాల ప్రతినిధులు ఒక గదిలో కూర్చుని ఒప్పందం రాసుకుంటుంటే, వాళ్ళు చెప్పే మార్పులన్నీ అప్పటికప్పుడు టైపు చేసి తెరమీద చూపించడం నా పని. ఏ మాటలకు ఒక్క దేశం ఒప్పుకోకపోయినా వాటికి అటూ ఇటూ చదరపు బ్రాకెట్లు పెడతాం. అందరూ ఒప్పుకున్నాక తీసేస్తాం. అంతకుముందు సాఫ్ట్‌వేర్‌లో ఉండేదాన్ని. ప్రాజెక్టు అయిపోయి ఖాళీగా ఉన్న రోజుల్లో, సమావేశాలు నడిపే ఒక చిన్న కంపెనీలో తాత్కాలికమనుకుని చేరాను. చేరాక వదలబుద్ధి కాలేదు. మా పనికి నియమాలు రెండే. గదిలో నోరు మెదపకూడదు, గదిలో విన్నది బయట చెప్పకూడదు.

ఆ ఏడు ఇజ్రాయెల్, పాలస్తీనా మధ్య శాంతి చర్చలు మళ్ళీ నడుస్తున్నాయి. అవి ఎక్కడో, పెద్దవాళ్ళ మధ్య. మాది వాటి పక్కన చిన్న సమావేశం. చర్చలు జరిగినంతకాలం శరణార్థి శిబిరాల్లో బడులూ ఆస్పత్రులూ ఆగకుండా చూడడం ఎలాగన్నదే విషయం. సాయం చేసే దేశాలు, శరణార్థులకు చోటిచ్చిన దేశాలు, పాలస్తీనా ప్రతినిధులు, అంతా కలిపి ఇరవై బల్లలదాకా వేశారు. అమెరికాలో మేముండే షాంటిలీలో, మా ఇంటికి పది నిమిషాల దూరంలో, విమానాశ్రయం దగ్గరి హోటల్లో మూడు రోజులు.

మొదటి రోజు సాఫీగా జరిగింది. రెండోరోజు మధ్యాహ్నం ఒక వాక్యం దగ్గర బండి ఆగిపోయింది. "చర్చలు ముగిసేవరకు ఈ సాయం కొనసాగుతుంది" అన్న వాక్యం.

శరణార్థులకు చోటిచ్చిన దేశం ప్రతినిధి మైకు దగ్గరికి లాక్కున్నాడు. "చర్చలు రేపే చెడిపోయాయనుకోండి. అదీ ముగియడమే కదా. ఎల్లుండి బడులు మూసేయమంటారా?"

సాయం చేసే దేశపు ఆయన తల అడ్డంగా ఊపాడు. "గడువు లేని మాటకు మా పార్లమెంటు ఒప్పుకోదు."

పాలస్తీనా ప్రతినిధి నెమ్మదిగా అన్నాడు. "ఈ వాక్యం చదివినవాళ్ళకి, సాయం ఇచ్చేశాం కాబట్టి మా సొంత ఊళ్ళకు తిరిగి వెళ్ళే హక్కు గురించి ఇక అడగక్కర్లేదన్నట్టు ఉంది. దానికి మేం సంతకం పెట్టలేం."

నేను బ్రాకెట్ల లోపల బ్రాకెట్లు పెట్టుకుంటూ పోయాను. ఐదు గంటలయ్యేసరికి తెరమీద వాక్యం ముళ్ళకంచెలా తయారైంది. అధ్యక్షత వహిస్తున్న ఆవిడ ఉత్తర ఐరోపా దేశపు రాయబారి. కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టి, రేపు చూద్దామని లేచింది.

ఆ గదిలో రాయబారి కాని మనిషి ఒకావిడ ఉంది. జోర్డాన్‌లోని ఒక శిబిరంలో ఆడపిల్లల బడికి ప్రధానోపాధ్యాయురాలిగా చేస్తున్న పాలస్తీనా ఆవిడ. మూడోరోజు ఉదయం పది నిమిషాలు మాట్లాడడానికి పిలిపించారు. మిగతా సమయమంతా గోడవారగా నా బల్ల పక్క కుర్చీలో కూర్చునేది. హోటల్ టీ ఒక గుక్క తాగి మొహం చిట్లించడం చూసి, నా ఫ్లాస్కులోని అల్లం టీ పోసి ఇచ్చాను. అప్పట్నించీ నన్ను హబీబ్తీ అని, అంటే అరబ్బీలో బంగారుతల్లీ అని పిలిచేది. తన బడి కట్టడం ఒకటే గానీ బడులు రెండట. పొద్దున ఒక బడి, అది వదలగానే అవే బెంచీల మీద మధ్యాహ్నం ఇంకో బడి. "బెంచీ చల్లారడం నేనెప్పుడూ చూళ్ళేదు" అని నవ్వింది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి నాన్న వంకాయ కూర చేసిపెట్టాడు. కర్నూలు జిల్లాలో రెవెన్యూ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరై, ఆర్నెల్లు మా దగ్గర ఉండడానికి వచ్చాడు. కృష్ణ మీద ప్రాజెక్టు కట్టినప్పుడు మునిగిపోయే ఊళ్ళ జనాన్ని తరలించే పనిలో నాన్న చాలాకాలం ఉన్నాడు. ఆ రోజుల్లో నేను చిన్నపిల్లని. నెలకోసారి దుమ్ముకొట్టుకుపోయి ఇంటికొచ్చే నాన్న తప్ప నాకేం గుర్తులేదు.

అన్నం కలుపుకుంటూ అడిగాను. "నాన్నా, మునిగిపోయే ఊళ్ళలో బళ్ళు ఎలా రన్ చేశారు? ఊరు ఎప్పుడు షిఫ్ట్ అవుతుందో తెలీదు కదా."

నాన్న ఆశ్చర్యపోయాడు. ఇన్నేళ్ళలో ఆ పని గురించి నేను అడగడం అదే మొదటిసారి.

"మొదట తప్పు చేస్తిమి పాపా. కొత్త ఊరు తయారయ్యేవరకే పాత ఊర్లో బడి అని ఆర్డర్లో రాస్తిమి. కొత్త ఊరేమో తయారు కాదు. ఈ నెలంటారు, వచ్చే నెలంటారు. అయ్యవార్లు ట్రాన్స్‌ఫర్లు పెట్టుకొని పోయిరి. రేపు ఉంటాదో ఉండదో తెలీని బడికి పిల్లోల్లని ఎవరు పంపుతారు?"

"మరి?"

"ఒక ముసలాయన వచ్చి నా బల్ల ముందర కూసున్యాడు. సారూ, ఊరి సంగతి మీరూ మీరూ తేల్చుకోండి, నా మనవడు ఐదో తరగతి ఈడ్నే అయిపోతాడా లేదా, అది చెప్పు అన్యాడు. కలెక్టరు దగ్గరికి పోయి అదే మాట చెప్తి. ఆయన మంచోడు. ఊరు కదిలినా కదలకపోయినా ఏడాది మధ్యలో బడి కదపకూడదు, వచ్చే ఏడాది సంగతి ఎండాకాలం సెలవులకు ముందే చెప్పాల అని రాసిచ్చె. పోయిన పిల్లోల్లు మళ్ళా వచ్చిరి."

ఇదంతా ఎందుకు అడుగుతున్నానని నాన్న అడగలేదు. నేను చెప్పలేదు.

మర్నాడు పొద్దున సమావేశానికి ముందు టీ పోస్తూ ప్రధానోపాధ్యాయురాలికి నాన్న కథ చెప్పాను. అది గదిలో విన్నది కాదు, మా ఇంట్లో విన్నది. అయినా చెబుతున్నంతసేపూ ఎవరైనా వింటున్నారేమోనని తలుపు వైపు చూస్తూనే ఉన్నాను. ఆవిడ కప్పు పట్టుకుని మొత్తం విని, "ఆ ముసలాయన మనవడు పాసయ్యాడా?" అని మాత్రం అడిగింది. నాకు తెలీదన్నాను.

తన వంతు వచ్చినప్పుడు ఆవిడ రాసి తెచ్చుకున్న కాగితాన్ని మడిచి సంచిలో పెట్టేసింది. శిబిరాల చరిత్ర చెప్పలేదు. ప్రతి వేసవిలో టీచర్లు తన గది గుమ్మంలో నిలబడి, సెలవుల తర్వాత మనం ఉంటామా అని అడగడం గురించి చెప్పింది. పోయిన ఏడు లెక్కల్లో మొదటి మార్కు తెచ్చుకున్న పిల్ల, బడి ఉండదని ఎవరో అంటే నమ్మి కుట్టుపనికి వెళ్ళిపోవడం గురించి చెప్పింది. చివరికి అంది:

"మీ చర్చలు ఎన్నాళ్ళయినా చేసుకోండి. మా హక్కుల గురించి గట్టిగా చేయమనే చెబుతాను. కానీ పిల్లలు చర్చల ప్రకారం చదవరు. వాళ్ళు తరగతుల ప్రకారం చదువుతారు. మీరు నాకు ఒక ఏడాది పూర్తిగా ఇవ్వండి. అది అయిపోయేలోపు తర్వాతి ఏడాది గురించి చెప్పండి. అంతే."

అధ్యక్షురాలు నా వైపు తిరిగి, "టైపు చేయండి" అంది. ఆవిడ చెబుతుంటే కొట్టాను. చర్చల్లో ఎవరి వైఖరికీ, శరణార్థుల ఏ హక్కుకూ భంగం లేకుండా, సాయాన్ని ఒక్కో పూర్తి విద్యాసంవత్సరానికి నిర్ణయించాలి. వచ్చే సంవత్సరం సంగతి ఈ సంవత్సరం బడులు మూసేలోపు తేల్చాలి.

సాయం చేసే దేశపు ఆయన రెండుసార్లు చదువుకున్నాడు. ఏడాది కూడా గడువే కదా అని పక్కనున్నతనితో అనడం వినిపించింది. చోటిచ్చిన దేశం ఒప్పుకుంది. పాలస్తీనా ప్రతినిధి "ఏ హక్కుకూ" అన్నచోట "తిరిగి వెళ్ళే హక్కుతో సహా" అని కలపమన్నాడు. దానిమీద ఒక గంట గడిచింది. మధ్యాహ్న భోజనానికి లేచేముందు ఆ మాటల్ని ఒప్పందం చివరి అనుబంధంలోకి పంపి అందరూ సరేనన్నారు. నేను బ్రాకెట్లు ఒక్కొక్కటే తీసేశాను. అంత ఇష్టంగా డిలీట్ మీట నొక్కిన రోజు ఇంకోటి లేదు.

మనసు ఊరుకోక, విరామంలో అధ్యక్షురాలి దగ్గరికి వెళ్ళి పొద్దున జరిగింది చెప్పేశాను. ఉద్యోగం పోయినా పోనీ అనుకున్నాను. ఆవిడ విని, "మీ నాన్నగారి ఊళ్ళ గురించి చెప్పారు. అందులో ఈ గదిలోని ఏ దేశం పేరూ లేదుగా?" అంది. లేదన్నాను. "అయితే మీరు ఆవిడకి టీ ఇచ్చారు. నాకు తెలిసింది అంతే" అని సాండ్‌విచ్ పళ్ళెం నా వైపు జరిపింది.

ప్రధానోపాధ్యాయురాలి విమానం మర్నాడు సాయంత్రం. పగలంతా హోటల్లో ఒక్కర్తే ఎందుకని భోజనానికి మా ఇంటికి తీసుకొచ్చాను. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఆవిడ ఇంగ్లీషుకీ నాన్న తెలుగుకీ మధ్య నేను. మూడు రోజులు నోరు మూసుకున్న లోటు ఆ పూట తీరింది.

పప్పూ అన్నం తింటూ ఆవిడ అడిగింది. "మీ ఊళ్ళవాళ్ళు మళ్ళీ వెనక్కి వెళ్ళారా?"

"నీళ్ళు తగ్గినప్పుడు గోడలు తేల్తాయి. పోయి చూసుకొని వస్తారు" అన్నాడు నాన్న. మళ్ళీ తనే, "మీతో పోల్చకూడదని చెప్పమ్మా. మావాళ్ళకి ఇల్లే పోయింది, దేశం పోలేదు" అన్నాడు.

అది ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ నాన్న వైపు చూసి, ఇంకొంచెం అన్నం పెట్టమని పళ్ళెం చాపింది. సాయంత్రందాకా ఇద్దరూ హాజరుపట్టీల గురించే మాట్లాడుకున్నారు. పేర్లు ఏ వరసలో రాస్తారు, వర్షం రోజుల్లో ఎవరు రారు, ఇవే మాటలు. ఇద్దరికీ విసుగు రాలేదు. విమానాశ్రయానికి వెళ్ళే దారిలో ఆవిడ కార్లోనే హాయిగా నిద్రపోయింది.

ఆ ఏటి శాంతి చర్చలు ఒప్పందందాకా రాలేదు. వార్తల్లో విన్నప్పుడు బాధ కలిగింది గానీ, అప్పటికే ఆవిడ దగ్గర్నుంచి ఈమెయిలు వచ్చి ఉంది. కొత్త విద్యాసంవత్సరం అనుకున్న రోజునే మొదలైందనీ, ఆ వేసవిలో ఏ టీచరూ గుమ్మంలో నిలబడి అడగలేదనీ, కుట్టుపనికి పోయిన పిల్లని వాళ్ళ మేనత్త స్వయంగా తీసుకొచ్చి కూర్చోబెట్టిందనీ రాసింది.

నాన్న అప్పటికి కర్నూలు వెళ్ళిపోయాడు. ఫోన్‌లో చదివి వినిపించాను.

"ఆ పాప ఏ తరగతంట?" అని అడిగాడు.

ఆవిడకి రాసి కనుక్కుని, మర్నాడు ఫోన్ చేసి చెప్పాను. తొమ్మిది.