నూటికి నూట పదిహేను హాలీలు

పొద్దున టీవీలో వార్తలు చదివే అమ్మాయి డాలరుతో రూపాయి మారకం విలువ చెబుతూ "సుమారు" అన్నది. చేతిలో టీ గ్లాసుతో కూర్చున్నదాన్ని, సుమారేంది, సరిగ్గా చెప్పలేవా అని గట్టిగానే విసుక్కున్నాను. అన్నాక నవ్వొచ్చింది. అచ్చం యాదగిరి సార్ మాట. రఘునాథపల్లి దగ్గర నా మొదటి ఉద్యోగంలో ఆయన నా హెడ్మాస్టరు. నన్నంతగా విసిగించిన మనిషి ఇంకొకరు లేరు.

సార్ బడికి రాకముందు జనగామ స్టేషను పక్కన ఆముదాలు కొనే దుకాణంలో గుమాస్తాగా ఉండేవాడు. అప్పుడు మనకు రెండు రూపాయలుండేవి. నిజాం రూపాయి హాలీ, ఇంగ్లీషువాళ్ల రూపాయి కల్దార్. తర్వాత నిలిచింది కల్దారే. ఏడు హాలీలకు ఆరు కల్దార్లని అందరూ నోటిలెక్కగా చెప్పుకునేవాళ్లు. సార్‌కు ఆ మాట వింటే ఒళ్లు మండేది. అది సర్కారు లెక్క, బజారులో ధర మారుతూ ఉండేదని ఆయన వాదన. రోజూ పొద్దున దుకాణంలో పలకమీద రాసే మారకం ధరను, ఎవరూ అడగకపోయినా, తన నోట్‌బుక్కులో ఎక్కించుకునేవాడు. నేను ఉద్యోగంలో చేరేనాటికి హాలీ రద్దయి పదేళ్లయింది. నోట్‌బుక్కులు మాత్రం బడి బీరువాలో పాఠ్యపుస్తకాలకంటే భద్రంగా ఉండేవి.

అరవై తొమ్మిదిలో, ప్రత్యేక తెలంగాణ ఉద్యమం వచ్చిన ఏడాది, బడులు మూతపడ్డాయి. బస్సులు లేవు. ఇరవై ఒక్కేళ్లదాన్ని, హాయిగా ఇంట్లో ఉందామనుకుంటే సార్ ఊరుకుంటేనా. రోజూ మా ఊరి నుంచి నడిపించి, ఖాళీ బడిలో కూర్చోబెట్టి నాచేత మారకం లెక్కలు చేయించేవాడు. లేని రూపాయికి లెక్కలేంది సార్ అంటే, పిల్లలు లేరని టీచరు మొద్దుబారొద్దు అనేవాడు. ఒకరోజు కాలేజీ పిల్లలు వచ్చి బడి ముందు ఉపన్యాసమిచ్చారు. హాలీ మార్పిడిలో కూడా మనల్ని ముంచారని ఒకతను ఆవేశంగా అంటుంటే, సార్ గుంపులోంచి చెయ్యెత్తి "ఏ రేటుకు?" అని అడిగాడు. ఉద్యమమంటే ఆయనకు ప్రాణమే, చందా కూడా ఇచ్చాడు. కానీ ఆ పిల్లవాడు పాపం మళ్లీ మా బడివైపు రాలేదు.

ఆ రోజుల్లోనే మా చెలక మీదికి తగాదా వచ్చింది. మా నాన్న, మేం బాపు అనేవాళ్లం, పెళ్లికి ముందు బొంబాయి మిల్లులో పనిచేసి, ఆ కల్దార్లతోనే మా ఊళ్లో ఆ మూడెకరాల మెట్ట కొన్నాడు. కాగితంలో ధర ఏడు వందల రూపాయలని ఉంది. హాలీ అని రాయలేదు. మా వైపు రూపాయంటే హాలీయే కదా, ఎవరు రాసేవారు! రసీదులో మాత్రం ఆరు వందల కల్దార్ ముట్టిందని ఉంది. అమ్మినాయన పోయాడు. బాపు అందులో బావి తవ్వి, నీళ్లు పడ్డాక, ఆయన కొడుకు మల్లయ్య లేచాడు. కాగితంలోవీ కల్దార్లే, ఏడు వందలకు ఆరు వందలే ఇచ్చారు, నూరు తక్కువ, అమ్మకం చెల్లదు, పైసలు తీసుకుని చెలక వాపసియ్యమన్నాడు. జనగామలో కోర్టు కచేరీలు నడవడం లేదు. ఊరి పెద్దలు పంచాయితీ పెట్టారు. చెలక పోతే మా ఆరుగురికి నా జీతం తప్ప ఇంకేమీ లేదు. బాపు నాలుగు రోజులుగా సరిగ్గా తినలేదు.

సాక్ష్యానికి సార్‌ను తీసుకెళ్లాను. దారిలో ఆయన చంకలో నోట్‌బుక్కు చూశాను.

"ఏడుకు ఆరని ఒక్క మాట చెప్పి ఊకోండి సార్. ఆ బుక్కు తెరిస్తే మా చెలక పోతది" అన్నాను.

"గా మాటకు నేనెందుకు బిడ్డ? ఊర్ల ఎవలైనా చెప్తరు."

అయితే మా పొట్టకొట్టండి అన్నాను. ఆయన నోట్‌బుక్కు చంకలో సర్దుకుని నడిచాడు.

పంచాయితీలో పెద్దమనిషి మాకు దారిచూపిస్తున్నట్టే అడిగాడు, ఏడు వందల హాలీలకు ఆరు వందల కల్దార్ సరిపోతుంది కదా అని. అవునంటే చాలు. సార్ నోట్‌బుక్కు తెరిచి, రసీదు మీది నెల వెతికి, అద్దాలు సర్దుకున్నాడు.

"ఆ నెలల జనగామ బజార్ల నూరు కల్దార్లకు నూటా పదిహేను హాలీలు. ఆరు వందలకు ఆరు వందల తొంబై అయితయి. పది తక్కువైంది."

బాపు తల దించుకున్నాడు. వాళ్ల సాక్షే బాకీ ఉందన్నాడని మల్లయ్య అందరివైపూ చూశాడు. సార్ గొంతు పిసకాలన్నంత కోపం వచ్చింది నాకు. అప్పుడు, అప్పటిదాకా గోడకానుకుని కూర్చున్న మల్లయ్య తల్లి ఎల్లవ్వ లేచింది.

"పదే. మా ఆయన సచ్చేదాంక గదే సణిగిండు. బొంబాయోడు మారకంల పది రూపాలు ముంచిండని. నూరని ఎన్నడనలె కొడుకా" అన్నది.

ఇంకేముంది, తక్కువైంది నూరు కాదు పదేనంటే కాగితం హాలీలదేనని తేలిపోయింది. ఏడుకు ఆరని చెప్పి ఉంటే కాగితంలోవి కల్దార్లేనని మల్లయ్య పట్టుబట్టేవాడు, ఆ ముసలామెకు ఆ పది గుర్తొచ్చేదీ కాదు, మా చెలక నిలిచేదీ కాదు. బాపు పది రూపాయల నోటు తీసి ఆమెకిచ్చాడు. అక్కడితో అయిపోవాలి కదా, లేదు. సార్ అడ్డుపడ్డాడు. పది హాలీలంటే ఆ ధరకు ఇప్పటి పైకం ఎనిమిది రూపాయల డెబ్బై పైసలే, మిగతాది వాపసియ్యమన్నాడు. పెద్దలు తలలు పట్టుకున్నారు. పోనీ సార్ అని బాపు చేతులు జోడించాడు.

"ఎక్కువిచ్చినా తప్పుడు లెక్కే" అన్నాడు సార్. ఎల్లవ్వ నవ్వుతూ కొంగుముడి విప్పి రూపాయీ ముప్పై పైసలు ఏరి ఇచ్చింది.

దారిలో నేనన్న మాటకు క్షమించమని ఆయన్ను ఎప్పుడూ అడగలేదు. ఆయనా ఎత్తలేదు. మర్నాడు బడికి వెళితే మామూలుగానే లెక్క ఇచ్చి కూర్చోబెట్టాడు. సార్ పోయి ఎన్నో ఏళ్లయింది, అడగాల్సిన ఆ మాట నా దగ్గరే ఉండిపోయింది. ఇప్పుడు నా మేలు కోరి ఎవరైనా కొంచెం అటూ ఇటూ చెప్పబోతే నేనే ఆపేస్తాను. వాళ్లు నావైపు ఎంత విసుగ్గా చూస్తారో! ఆ చూపు నాకు బాగా తెలుసు. చంకలో నోట్‌బుక్కు పెట్టుకుని నడుస్తున్న మనిషిని నేను అట్లాగే చూశాను.