అన్నయ్య జేబులో సీడీ

మా ఇంట్లో సీడీ లేకుండా కంప్యూటర్ లేచేది కాదు. ఆ సీడీ అన్నయ్య చొక్కా జేబులో ఉండేది.

జేబుకు అది పెద్దది. తెల్ల కాగితం కవరులో, సగం బయటికి పొడుచుకుని కనిపించేది. తెల్లవారకముందే స్టీల్‌ప్లాంటు డ్యూటీకి వెళ్తూ దాన్ని వెంట తీసుకెళ్ళేవాడు. మధ్యాహ్నం ఇంటికొచ్చాక నేను అడిగితే ఇచ్చేవాడు. ఇచ్చి, నా వెనక మంచం మీద కూర్చునేవాడు. జెరాక్స్ షాపు వాళ్ళిచ్చిన కాలేజీ రికార్డులు నేను టైపు చేస్తుంటే నా మెడ వెనక అతని ఊపిరి తగిలేది. పని అవగానే సీడీ మళ్ళీ జేబులోకి వెళ్ళిపోయేది.

మొదట్లో ఇలా లేదు. ఆ వేసవిలో కంప్యూటర్ పాడైతే అన్నయ్య స్నేహితుడొకడు వచ్చి సిస్టమ్ కొత్తగా ఎక్కించాడు. సీడీ అందులోనే మర్చిపోయి వెళ్ళాడు. వారం రోజులు బాగానే నడిచింది. సీడీ బయటికి తీసిన రోజున తెర నల్లగా నిలిచిపోయి, బూట్ కావడానికి ఏమీ దొరకలేదని ఇంగ్లీషులో ఒక వాక్యం వచ్చింది. సీడీ మళ్ళీ పెడితే లేచింది. సీడీ ఉన్నప్పుడు ముందు ఒక వరుస కనిపించేది: సీడీ నుంచి మొదలుపెట్టాలంటే ఏదైనా మీట నొక్కండి అని. దాని పక్కన ఒక్కొక్కటిగా ఐదు చుక్కలు పడేవి. ఏదీ ముట్టుకోకపోతే ఎప్పటి తెర వచ్చేది.

"సుక్కలు పడతన్నప్పుడు ఎవలూ ముట్టుకోకండి. సెయ్యి తగిల్తే మొత్తం తుడుసుకుపోద్ది" అని ఆ స్నేహితుడు చెప్పాడు. అది పూర్తిగా నిజం కాదని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం నమ్మాను. ఐదు చుక్కలు పడేంతసేపూ చేతులు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చునేదాన్ని. అలా కూర్చోవడం నాకు కొత్త కాదు. అన్నయ్య గడప దాటి లోపలికి వచ్చేటప్పుడు అమ్మా నేనూ అలాగే ఉండేవాళ్ళం. నాన్న పోయాక ఇల్లు అతనిదైంది.

ఒక మధ్యాహ్నం అతను వచ్చేసరికి నేను సీడీ లేకుండా లేస్తుందేమోనని చూస్తున్నాను.

"ఏటే అది, నల్లగా ఉంది?"

"బూట్ అడుగుతంది అన్నయ్యా."

"ఏటి అడుగుతంది?"

"బూట్."

అతను తన కాళ్ళకేసి చూసుకున్నాడు. ముందు ఇనప తొడుగున్న సేఫ్టీ బూట్లు ఇంకా విప్పలేదు. పగలబడి నవ్వాడు. నిజంగానే నవ్వొచ్చిందనుకుని నేనూ నవ్వాను. "బూటే కదా, ఇద్దాం" అని కాలెత్తి తన్నాడు. సీపీయూ వెళ్ళి గోడకు కొట్టుకుంది. పక్క రేకు లోపలికి నొక్కుకుపోయింది.

"ఇంకేటన్నా కావాలేటో అడుగు దాన్ని."

నేను అడగలేదు. రెండో తన్ను నా తొడ మీద పడింది. "నాను లేనప్పుడు దీంతో నీకేటి పని?" అన్నాడు. నేను తీసి పక్కన పెట్టిన సీడీని వంగి అందుకుని జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజు నుంచే అది అక్కడికి చేరింది.

ఆ కంప్యూటర్‌లో నా డైరీ ఉంది. ఇంటర్ చదివేటప్పుడు నోటుపుస్తకాల్లో రాసుకునేదాన్ని. అవి రెండూ అతనికి దొరికి నీళ్ళ పొయ్యిలోకి వెళ్ళాయి. నా జడ పట్టుకుని, చివరి అట్ట కాలేదాకా మంటలోకి చూడమన్నాడు. కనుబొమలు చురుక్కుమన్నాయి. ఆ తర్వాత కాగితం ముట్టలేదు. కంప్యూటర్ వచ్చాక రెండో డ్రైవులో 'రికార్డులు' అని ఒక ఫోల్డర్ పెట్టుకుని అందులో రాశాను. సిస్టమ్ కొత్తగా ఎక్కించినప్పుడు ఆ డ్రైవు చెరగలేదు. ఏ రోజు, దేనితో, ఎక్కడ కొట్టాడో రాశాను. లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పుస్తకాల్లో నచ్చిన పేజీల గురించి కూడా అక్కడే రాసుకున్నాను. మనుషులతో నాకు మాట రాదు. అక్కడ వచ్చేది.

గురువారం ఆ స్నేహితుడు మళ్ళీ వచ్చాడు. పాటలు ఎక్కిస్తానని కూర్చుని ఫోల్డర్లన్నీ తెరిచాడు. కొత్త సిస్టమ్‌లో నా పాత తెలుగు ఫాంటు లేదు. అది లేకపోతే తెలుగు రాత ఇంగ్లీషు అక్షరాలుగా, గీతలుగా, కొక్కేలుగా కనిపిస్తుంది.

"బావా, మీ సెల్లి ఏదో కోడ్ బాసలో రాత్తందిరా" అని నవ్వాడు.

అతను వెళ్ళాక అన్నయ్య తలుపు గడియ పెట్టాడు.

"ఎవడికి?"

"ఎవలికీ కాదు. అది తెలుగే. ఫాంటు లేదు."

"తెలుగు నాకు రాదేటి?"

చెంప మీద కాదు, చెవి మీద కొట్టాడు. ఎడమ చెవిలో ఈల మొదలైంది. ఫాంటు ఎక్కిస్తే నిమిషంలో అది తెలుగవుతుంది. అప్పుడు అతను చదువుతాడు. ఎక్కించకపోతే అది ఎవడికో రాసిన ఉత్తరం. రెండూ ఆలోచించి నోరు మూసుకున్నాను. బెల్టు తీశాడు. బెల్టు తెగాక చేత్తో కొట్టాడు. అమ్మ వంటింట్లోంచి "పక్కింటోలు ఇంటారు" అంది, అతనితోనో నాతోనో.

చివరికి అతనే అలిసి మంచం మీద కూలబడ్డాడు. "ఆదోరం మావోడు వత్తాడు. మొత్తం ఫార్మాట్ కొట్టించీస్తాను. అప్పుడు రాసుకో నీ కోడు" అన్నాడు.

ఆరేళ్ళ రాత. మధ్యలో రెండు రోజులు. సీడీ అతని జేబులో.

శుక్రవారం చున్నీ తల మీదుగా కప్పుకుని కంచరపాలెంలో జెరాక్స్ షాపుకు వెళ్ళాను. షాపు నడిపే అక్క గట్టి మనిషి. ముగ్గురికి జెరాక్సులు తీస్తూనే నా మొహం చూసింది.

"ఏటమ్మా, బండి మీంచి పడ్డావా, అన్న మీంచి పడ్డావా?"

అక్కడున్న ముగ్గురూ తిరిగి చూశారు. నాకు ఏడుపు వచ్చింది. వాళ్ళు వెళ్ళేదాకా బల్ల అంచు గీరుతూ నిలబడి, అప్పుడు చెప్పాను. డైరీ సంగతి కాదు, కంప్యూటర్ సంగతి.

"సీడీ సూపిత్తేగానీ లెగదా? మా ఆయన లాంటిదే. టీ గ్లాసు సూపిత్తేగానీ లెగడు." తర్వాత నవ్వు ఆపి చెప్పింది. "ఇను. పొద్దున్న లెగ్గానే ఎక్కడ ఎతకాలో దానికి ఒక జాబితా ఉంటది. ఆ ఎక్కించినోడు సీడీ ఒక్కటే ఉంచి మిగతావి తీసీసుంటాడు. లోపల సరుకున్నా దానికి తెల్దు. ఆ సీడీయే సెయ్యట్టుకుని హార్డ్ డిస్కు కాడికి తీసుకెల్తంది. నివ్వే సెటప్‌లోకెల్లి ఆ జాబితాలో హార్డ్ డిస్కు పెట్టీ. సీడీ అక్కర్లేదు."

"సెటప్‌లోకి ఎలా ఎల్లాలక్కా?"

"స్విచ్చెయ్యగానే డిలీట్ నొక్కు."

"డిలీటా?"

"ఒలమ్మ, ఏటీ పోదు. పేరే అంత." సొరుగులోంచి ఒక పెన్‌డ్రైవ్ తీసి నా చేతిలో పెట్టి పిడికిలి మూసింది. "దాసుకోవాల్సిందేటున్నా ఇందులోకి లాగీ" అంది.

శనివారం అన్నయ్య డ్యూటీకి వెళ్ళాడు. అమ్మ అంతకుముందే ఫిషింగ్ హార్బరుకు వెళ్ళింది. అక్కడ చేపలు కొని వీధుల్లో అమ్ముతుంది. తలుపు గడియ వేసి స్విచ్ నొక్కాను. డిలీట్ మీట మీద వేలు పెట్టాను గానీ నొక్కలేకపోయాను. నల్ల తెర వచ్చింది. ఆపి మళ్ళీ వేశాను. మూడోసారి కళ్ళు మూసుకుని నొక్కాను. తెరిచేసరికి నీలం తెర. అక్క చెప్పింది నిజమే. జాబితాలో మొదట సీడీ, కింద రెండూ ఖాళీ. ఖాళీలో హార్డ్ డిస్కు పెట్టి, సేవ్ చేసి బయటికి వచ్చాను.

చుక్కలు పడలేదు. తిన్నగా లేచింది.

పెన్‌డ్రైవ్ గుచ్చి, ఫోల్డర్ వెతుకుతున్నాను. అప్పుడు తలుపు తన్నిన చప్పుడు. ఆ రోజు పని లేదని కాంట్రాక్టరు గేటు దగ్గర్నుంచే తిప్పి పంపేశాడట. గడియ ఊడి అన్నయ్య లోపలికి వచ్చాడు.

వెలుగుతున్న తెర చూశాడు. జేబు తడుముకున్నాడు. సీడీ జేబులోనే ఉంది. దాన్ని పైకి తీసి చూసి, మళ్ళీ తెర చూశాడు.

"ఎవడిచ్చేడు?"

"ఏటి?"

"ఇంకో సీడీ. ఎవడిచ్చేడు నీకు?"

వంగి డ్రైవ్ మీట నొక్కాడు. ఖాళీ ట్రే బయటికి వచ్చింది. దాన్ని విరిచేశాడు. బియ్యం డబ్బా బోర్లించాడు. పరుపును కత్తిపీట మీద పెట్టి లాగి చీల్చాడు. దూది గది నిండా ఎగిరింది. లైబ్రరీ పుస్తకాలు వెన్ను పట్టుకుని దులిపాడు, అట్టలు ఊడిపోయాయి. లేని మగాడి లేని సీడీ కోసం ఇల్లంతా చీల్చేశాడు.

"ఎవలూ ఇవ్వలేదు. దానికి సీడీ అక్కర్లేదు" అన్నాను. నా గొంతు అంత గట్టిగా రావడం నేను వినలేదు ఎప్పుడూ. "సూడు" అని ఆపి, మళ్ళీ వేశాను.

అతని కళ్ళ ముందే లేచింది.

చేతిలో సీడీని ఒక్కసారి వంచాడు. అది పెళుక్కున విరిగి ఒక ముక్క అరచేతిలో దిగింది. ఆ రక్తం చూసుకుని కీబోర్డు ఎత్తి నా నుదుటి మీద కొట్టాడు. మీటలు పళ్ళలా రాలాయి. మరోసారి కొట్టాడు. కన్ను ఎర్రగా నిండిపోయింది. కింద పడ్డ నన్ను దాటి, వైర్లు తెంచుకుని సీపీయూని రెండు చేతులా తన తల మీదికి ఎత్తాడు. గచ్చు మీద వేసి కొట్టబోతున్నాడు.

చేపలు అమ్ముతూ మా వీధికొచ్చిన అమ్మ చప్పుడు విని గుమ్మంలోకి వచ్చింది. చేపల తట్ట అక్కడే వదిలేసింది. నేల మీద పడి ఉన్న కత్తిపీట అందుకుని చెక్క వైపుతో అతని మణికట్టు మీద కొట్టింది. టక్‌మని శబ్దమైంది. అతను నమ్మలేనట్టు చూశాడు. అమ్మ కత్తిపీట తిప్పి పదును వైపు అతనికి పట్టింది.

"దించు."

"అమ్మా..."

"దించెయ్యరా. కాలు కూడా కోసీగలను. రోజూ సేసే పనే."

అతను దించాడు. మణికట్టు పట్టుకుని గోడకు ఆనుకున్నాడు. నేను లేచి సీపీయూని అమ్మ పాత చీరలో మూట కట్టాను. అమ్మ కత్తిపీట వదలకుండా నా వెనకే వచ్చి ఆటో ఎక్కింది. ఆటోవాడు కత్తిపీట చూసి ఎక్కడికని మాత్రమే అడిగాడు.

తగరపువలసలో పిన్ని ఉంటుంది. దారిలో నుదుటికి ఆరు కుట్లు వేయించుకున్నాం. సాయంత్రం పిన్ని ఇంట్లో టీవీకి తీగ తగిలించి, పక్కింటి వాళ్ళ కీబోర్డూ మౌసూ అడిగి తెచ్చి స్విచ్ వేశాను. కొంచెం గరగరమంది. లేచింది. ఫోల్డర్ అలాగే ఉంది. అందులోనే దాచి ఉంచిన ఫాంటు ఎక్కించాను. కొక్కేలన్నీ తెలుగైపోయాయి.

అమ్మకు చదువు రాదు. స్టూలు లాక్కుని నా పక్కన కూర్చుంది.

"ఏటి రాసేవు ఇందులో?"

"అన్నీ."

"సదువు."

వద్దన్నాను. మళ్ళీ సదువంది. ఎక్కడ తెరుచుకుంటే అక్కడ చదవడం మొదలుపెట్టాను. "ఈ రోజు చెప్పుతో కొట్టాడు. అమ్మ నా రెండు చేతులూ వెనక్కి పట్టుకుంది. కదలకు, తొందరగా అయిపోద్ది అంది. అన్నయ్య కంటే అమ్మ చేతులే గట్టివి."

ఆగిపోయాను. పిన్ని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. అమ్మ తన చేతులు చూసుకోలేదు, టీవీ తెరకేసే చూస్తోంది.

"నిజమే. పట్టుకున్నాను" అంది. "తరవాతది సదువు."

తర్వాతది కూడా ఆమె గురించే. చదివాను.